రాంబెర్గ్ పరీక్ష

కళ్ల సాయం లేకుండా మనిషి ఎంత నిలకడగా నిలబడగలడో తేల్చే వైద్య పరీక్ష ఇది. బెర్లిన్‌కు చెందిన నరాల వైద్యుడు మోరిట్జ్ హైన్‌రిష్ రాంబెర్గ్ (1795–1873) పేరుతో స్థిరపడింది. యంత్రం అక్కర్లేదు, కరెంటుతో పని లేదు. సూర్యాపేట జిల్లా గరిడేపల్లి లాంటి మండల కేంద్రంలోనూ చేయవచ్చు.

చేసే తీరు

చెప్పులు విప్పించి, పాదాలు రెండూ దగ్గరగా చేర్చి నిలబెడతారు. ముందు కళ్లు తెరిచి, ఆ తర్వాత మూసుకుని అర నిమిషం నుంచి నిమిషం దాకా అలాగే ఉండమంటారు. పడబోతే పట్టుకోవడానికి డాక్టరు చేతులు చాచి పక్కనే ఉంటారు. కొద్దిగా ఊగడం ఎవరికైనా సహజమే. కళ్లు తెరిచినంతసేపు బాగానే నిలబడి, మూయగానే తూలిపడబోయినా, అడుగు పక్కకు వేసినా ఫలితం పాజిటివ్. కళ్లు తెరిచి ఉండగానే నిలవలేకపోతే మాత్రం అది వేరే సంగతి. అప్పుడు అనుమానం చిన్నమెదడు మీదికి పోతుంది.

నిలకడకు ఆధారాలు మూడు: చూపు, లోపలి చెవి, కాళ్ల కీళ్లు, కండరాల నుంచి వెన్నుపాము వెనుక భాగం గుండా మెదడుకు చేరే స్పర్శ. వీటిలో ఒకటి దెబ్బతిన్నా మిగతా రెండూ నెట్టుకొస్తాయి. కాళ్ల స్పర్శ పోయిన మనిషి నేలను చూస్తూ నడిచేస్తాడు కాబట్టి లోపం చాన్నాళ్లు బయటపడదు. ఆ చూపును కాసేపు తీసేయడమే ఈ పరీక్షలోని కిటుకు.

చరిత్ర

చీకట్లో నిలవలేని రోగి గురించి ఇంగ్లండ్ వైద్యుడు మార్షల్ హాల్ 1836లోనే రాశాడు. 1840–46 మధ్య భాగాలుగా వెలువడిన నరాల వ్యాధుల గ్రంథంలో రాంబెర్గ్ దాన్ని రోగ లక్షణంగా నిలబెట్టాడు. ఆయన చూసినవారు టేబీస్ డార్సాలిస్ రోగులు. సిఫిలిస్ ముదిరి వెన్నుపామును తినేసే జబ్బు అది. వాళ్లు ముఖం కడుక్కోవడానికి వంగి కళ్లు మూసుకుంటే తూలిపోయేవారు. 1940లలో పెన్సిలిన్ వచ్చాక ఆ జబ్బు అరుదైపోయింది, పరీక్ష మాత్రం మిగిలింది.

తెలుగునాట

వెన్నుపామును దెబ్బతీసే మరో సమస్య ఇక్కడి నీళ్లలోనే ఉంది: ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్. 1937లో పరిశోధకుడు షార్ట్ బృందం నాటి నెల్లూరు జిల్లాలో దాన్ని గుర్తించింది. 1955లో ఎ.హెచ్. సిద్దికీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. గరిడేపల్లి అప్పట్లో ఆ జిల్లాలోనిదే. 2016లో సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. వ్యాధి ముదిరినవారిలో వెన్నెముక లోపల ఎముక పెరిగి, నాళం ఇరుకై, వెన్నుపాము నలిగిపోతుంది. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ నరాల చిక్కుల మీద దశాబ్దాల పాటు పరిశోధించారు. ఇలాంటి రోగిలో కాళ్లు బిగుసుకోవడం ప్రధాన లక్షణం. వెన్నుపాము వెనుక భాగం కూడా నలిగితే రాంబెర్గ్ పాజిటివ్ కావచ్చు.

పరీక్ష పాజిటివ్ కావడానికి ఇప్పుడు తరచుగా కనిపించే కారణాలు షుగరు, విటమిన్ బి12 లోపం. దూది మీద నడిచినట్టుందని రోగులు చెబుతారు. కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదా అని డాక్టర్లు అడుగుతారు. ఆ జవాబు, ఈ పరీక్ష ఒకే లోపాన్ని పట్టిస్తాయి.

తర్వాతి మార్పులు

1986లో అమెరికా ఫిజియోథెరపిస్టులు ఆన్ షమ్వే-కుక్, ఫే హోరాక్ మెత్తటి ఫోమ్ మీద నిలబెట్టే పద్ధతిని ప్రతిపాదించారు. ఫోమ్ మీద కాళ్ల స్పర్శను నమ్ముకోలేం. కళ్లు కూడా మూస్తే భారమంతా లోపలి చెవి మీద పడుతుంది. 1989 నాటి బెర్గ్ బ్యాలెన్స్ స్కేలులోని 14 అంశాల్లో కళ్లు మూసుకుని 10 సెకన్లు నిలబడటం ఒకటి.

రాంబెర్గ్ పరీక్ష జబ్బు పేరు చెప్పదు. లోపం కోసం ఎటువైపు వెతకాలో చూపిస్తుంది, అంతే. కారణం తేలాలంటే రక్త పరీక్షలు, అవసరమైతే ఎం.ఆర్.ఐ. స్కాన్ చేయించాలి. చీకట్లోనో, స్నానం చేస్తూ కళ్లు మూసుకున్నప్పుడో తూలుతున్న పెద్దలు ఇంట్లో ఒంటరిగా దీన్ని ప్రయత్నించకుండా డాక్టరుకు చూపించుకోవాలి.