సైన్యం తిరిగొచ్చింది, హామీ అక్కడే ఉండిపోయింది

1990 మార్చి 24న భారత శాంతి పరిరక్షక దళంలోని చివరి సైనికులు ట్రింకోమలీ రేవును విడిచారు. మూడేళ్లు నిండని ఆ మోహరింపులో 1,100 మందికి పైగా భారత సైనికులు నేలకొరిగారు. మద్రాసు చేరిన దళాలకు స్వాగతం పలకడానికి నాటి ముఖ్యమంత్రి కరుణానిధి నిరాకరించారు.

1987 జూలై 29న రాజీవ్ గాంధీ, జయవర్ధనే కొలంబోలో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం తమిళ ప్రాంతాలకు కొలంబో అధికారాలు పంచాలి. మిలిటెంట్ల చేత ఆయుధాలు దించే బాధ్యతలో ఢిల్లీ పాలుపంచుకోవాలి. భారత ప్రయోజనాలకు భంగం కలిగేలా ట్రింకోమలీని గానీ, మరే రేవును గానీ ఇతర దేశాల సైనిక అవసరాలకు ఇవ్వబోమన్న హామీ జత లేఖల్లో ఉంది. అక్టోబరు నాటికే ఆ దళం ఎల్‌టీటీఈతో యుద్ధంలో కూరుకుపోయింది.

1989లో అధ్యక్ష పీఠమెక్కిన ప్రేమదాస, జూలై 29 లోగా దళాలు వెళ్లిపోవాలని గడువు విధించారు. ఎల్‌టీటీఈతో చర్చలు జరిపారు. రహస్యంగా ఆయుధాలూ అందించారు. రాజీవ్ ప్రభుత్వం ఆ గడువును అంగీకరించకపోయినా ఉపసంహరణను మొదలుపెట్టింది. వి.పి.సింగ్ ప్రభుత్వం దాన్ని పూర్తి చేసింది.

ఆతిథ్య దేశం పొమ్మన్నాక ఉండటం దురాక్రమణే అవుతుంది గనుక ఉపసంహరణను తప్పుపట్టలేం. లోపం మరోచోట ఉంది. సైన్యం తిరుగుముఖం పట్టడానికి తేదీలు కుదిరాయి, అధికార పంపిణీకి మాత్రం కుదరలేదు. భారత దళాల నీడలో నడిచిన ఈశాన్య మండలి ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ ఆ మార్చిలోనే భారత్‌కు తరలివచ్చారు. జూన్‌లో యుద్ధం మళ్లీ రాజుకుంది. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ హత్యకు గురయ్యారు.

ఆ తర్వాత ఢిల్లీకి మధ్యవర్తి పాత్ర మిగలలేదు. 2000లో ఎలిఫెంట్ పాస్ పతనమై జాఫ్నాకు ముప్పు ముంచుకొచ్చినప్పుడు సైనిక జోక్యానికి భారత్ ససేమిరా అంది. 2002 కాల్పుల విరమణకు నార్వే మధ్యవర్తిత్వం వహించింది. ఆయుధాల కోసం కొలంబో పాకిస్థాన్, చైనాల వైపు చూసింది. 2017లో హంబన్‌టోట రేవు 99 ఏళ్ల కౌలుపై చైనా సంస్థ చేతికి వెళ్లింది. దీనికి శ్రీలంక అప్పులు ప్రధాన కారణం. అయినా పొరుగున ఢిల్లీ మాటకు తగ్గిన బరువునూ అది చాటింది.

ఒప్పందం ఫలితంగా వచ్చిన 13వ సవరణ నేటికీ శ్రీలంక రాజ్యాంగంలో ఉంది. భూమి, పోలీసు అధికారాలు మాత్రం కాగితం దాటలేదు. వాటిని అమలు చేయాలని భారత్ ఇప్పటికీ కోరుతూనే ఉంది. 1987లో హామీదారుగా నిలిచిన దేశం విన్నపాలకు పరిమితమైంది.