ఆదివారం గుడ్డు వెనుక కథ

ఆదివారం ఆలస్యంగా లేచి, టిఫినూ భోజనమూ ఒకటిగా కానిచ్చే అలవాటు మన ఇళ్ళలోకీ వచ్చింది. ఇక్కడివారు దీన్ని బ్రంచ్ అంటారు. 1895లో గై బెరింజర్ అనే రచయిత హంటర్స్ వీక్లీలో వ్యాసం వ్రాసి, శనివారం రాత్రి పొద్దుపోయేదాకా విందులు చేసుకున్నవారికి మర్నాడు ఇదే హాయి అని వాదించాడు.

ఆ బల్ల మీద తరచు కనిపించేది కీష్. మైదాపిండి రొట్టెను పళ్ళెంలో అంచులదాకా పరిచి, గిలక్కొట్టిన గుడ్లు, పాలు, మీగడ, చీజ్ కలిపి పోసి, ఓవెన్‌లో కాల్చి తీస్తారు. పుట్టిల్లు ఫ్రాన్సులోని లొరేన్.

అయితే ఇన్ని గుడ్లు ఒక్కసారి పగలగొట్టే భాగ్యం ఈ దేశానికి ఎల్లప్పుడూ లేదు. యుద్ధకాలంలో, 1941 నుంచి, మనిషికి వారానికి ఒక్క గుడ్డు, అదీ దొరికితే! 1942లో అమెరికా నుంచి గుడ్డు పొడి వచ్చింది. ఒక పొట్లం పన్నెండు గుడ్లకు సమానం. అంత కరువులోనూ గర్భిణులకూ పసిపిల్లలకూ అదనంగా గుడ్లు కేటాయించారన్నది మనం గుర్తుంచుకోవలసిన సంగతి. గుడ్ల రేషను 1953 మార్చిలో ముగిసింది. 1956లో ఏర్పడిన ఎగ్ మార్కెటింగ్ బోర్డు గుడ్డు తిని పనికి వెళ్ళమని ఊరూరా ప్రచారం చేసింది, గుడ్డు మీద సింహం ముద్ర వేసింది.

1988లో కథ అడ్డం తిరిగింది. సాల్మొనెల్లా క్రిమి కోడి అండాశయంలోనే చేరి, పెంకు ఏర్పడకముందే గుడ్డులో ప్రవేశిస్తున్నదని తేలింది. ఇక పెంకు ఎంత కడిగితే ఏం లాభం? ఆ డిసెంబరు 3న ఆరోగ్యశాఖ ఉపమంత్రి ఎడ్వీనా కర్రీ దేశంలోని గుడ్ల ఉత్పత్తిలో అధికభాగానికి ఈ క్రిమి సోకిందన్నారు. అది అతిశయోక్తే. అమ్మకాలు కుప్పకూలాయి, రెండు వారాలు తిరగకుండానే ఆమె రాజీనామా చేశారు. కాని ప్రమాదం అబద్ధం కాదు. ఒకనాడు ముందుగా గుడ్డు అందుకున్న గర్భిణులకూ పసివారికీ ఇప్పుడు సొన గట్టిపడేదాకా ఉడికించనిదే పెట్టవద్దని వైద్యాధికారులు చెప్పవలసి వచ్చింది.

మందు మనిషికి కాదు, కోడికి వేశారు. 1998లో సింహం ముద్ర మళ్ళీ వచ్చింది. ఈసారి ఆ ముద్ర కావాలంటే కోళ్ళకు టీకా తప్పనిసరి. జబ్బు బాగా తగ్గింది. చివరకు 2017 అక్టోబరులో, ఈ ముద్ర ఉన్న గుడ్డును సగం ఉడికినదైనా గర్భిణులూ పిల్లలూ వృద్ధులూ తినవచ్చునని ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ ప్రకటించింది. రోగనిరోధక శక్తి మరీ క్షీణించినవారికి మాత్రం ఈ సడలింపు లేదు.

2023లో ఛార్లెస్ రాజు పట్టాభిషేకానికి ఎంచిన వంటకమూ కీషే: పాలకూర, పెద్ద చిక్కుడుగింజలు, టారగాన్ ఆకు వేసినది. మనం టారగాన్ బదులు కొత్తిమీర, రెండు పచ్చిమిరపకాయలు వేసుకుంటే రాజుగారేమీ అనుకోరు.

వైద్యుడిగా ఒక్క మాట. ముద్ర లేని గుడ్లయితే, సెలవుల్లో ఇండియాలో వండినా సరే, నడిమి భాగం గట్టిపడేదాకా ఓవెన్‌లోంచి తీయకండి. లోపల 70 డిగ్రీల వేడి రెండు నిమిషాలు నిలిస్తే క్రిమి చస్తుంది. అప్పుడు నెలలు నిండిన కోడలికీ, పళ్ళు లేని బామ్మగారికీ ఒకే పళ్ళెంలోంచి కోసి వడ్డించవచ్చు.