సూకర పోషకుల వృత్తి శిక్షణము

అమీరుపేట కూడలిలో నిలిచి తలయెత్తి చూచినచో శిక్షణాలయముల పేరు పలకలే గాని ఆకాశము కనబడదు. గణకయంత్ర విద్యలు నేర్చుటకు తెలుగు జిల్లాలన్నింటినుండియు పిల్లలు ఇచ్చటికే వచ్చెదరు. మూడు నెలలకొక విద్య, ఆరు నెలలకొక విద్య. ఉద్యోగ విరమణము తరువాత నేనీ పేటలోనే కాపురముండుటచేత, ఉదయమున పాలకు పోవునప్పుడు ఆ పలకలను చదువుట నాకొక వ్యసనమైనది. ఒకనాడు పంజాగుట్ట వరకు నడచి అన్నియు చదివితిని. పందులను పెంచువారికి విద్య చెప్పుదుమను పలక మాత్రము కనబడలేదు.

ఇది పరిహాసమునకు చెప్పిన మాట కాదు. ఈ పలకలు వెలయుటకు పూర్వము, అమీరుపేట ప్రక్కగా పారు కూకటుపల్లి నాలా గట్టుమీదను, పంజాగుట్ట మీదుగా పోవు బల్కాపురము నాలా గట్టుమీదను పందులను మేపుకొని బ్రదికిన కుటుంబములను నేనెరుగుదును. ఆ రెండు నాలాలును పోయి హుసేను సాగరములో కలియును. ఆ కుటుంబములవారికి మన ప్రభుత్వములు కాలక్రమమున ఏమేమి నేర్పబూనినవో చెప్పుటయే నేటి ప్రసంగము.

అమరకోశము వల్లించినవానికి పందుల గొడవ యేల యని కొందరు శ్రోతలు నవ్వుకొనవచ్చును. అమరసింహుడే సింహాదివర్గమున వరాహమునకు పండ్రెండు పేర్లు చెప్పినాడు. అందు కడపటిది భూదారము; అనగా నేలను చీల్చునది. ఈ పేరును జ్ఞాపకముంచుకొనుడు, మరల పని పడును. చాళుక్యుల తామ్రశాసనముల ముద్రలపై వరాహ లాంఛనము కలదు. విజయనగర ప్రభువులకును అదియే చిహ్నము. మన పెద్దలు బంగారు నాణెమును వరాహయనియే పిలిచిరి. బొమ్మకు జరిగిన ఈ మర్యాద ప్రాణముగల జంతువునకు గాని, దానిని సాకినవానికి గాని జరుగలేదు.

తెలుగునాట పందులను సాకినవారిలో ముఖ్యులు ఎరుకలవారు. ఎరుక యనగా జ్ఞానము. వారి స్త్రీలు గద్దె చెప్పి బ్రదుకుటచేత ఈ పేరు కలిగెనందురు. వారి యింటి మాట కుర్రు భాష. అది అరవమునకు దగ్గరి చుట్టము. వారిలో కొందరు గాడిదలమీదను ఎద్దులమీదను ఉప్పు వేసికొని సముద్రతీరమునుండి లోనాడులకు తెచ్చి, ధాన్యమునకు మార్చుకొని పోయెడివారు. రైలుబండి వచ్చినది, ఉప్పుమీద దొరతనమువారి కట్టడి బిగిసినది, ఆ వర్తకము పోయినది. తక్కినవి బుట్టలల్లుటయు పందులును. త్రోవ వెంట తిరుగువాడు త్రోవదొంగ యని పాలకులు తలచిరి. 1871లో ఉత్తర హిందూస్థానమున పుట్టిన నేరస్థ జాతుల చట్టము 1911 నాటి కొత్త చట్టముగా మద్రాసు రాజధానికిని వచ్చెను. పుట్టిన బిడ్డయు ఆ చట్టము కింద అనుమానితుడే.

అటుపిమ్మట వారికి వృత్తి శిక్షణము ప్రారంభమైనది. బాపట్ల సమీపమున 1913 ప్రాంతమున ఒక సెటిల్మెంటు వెలసి, మద్రాసు గవర్నరు ఆలోచన సభలో సభ్యుడైన హెరాల్డు స్టూవర్టు దొర పేర స్టూవర్టుపురమైనది. దానిని నడపినది రక్షణ సైన్యము, అనగా సాల్వేషన్ ఆర్మీ. ఆ సైన్యమునకు ఈ దేశమున పాదుకొలిపిన బూత్ టక్కరు దొర సివిలు సర్వీసు ఉద్యోగము విడిచి వచ్చినవాడు. సెటిల్మెంటులో వ్యవసాయము నేర్పిరి, బడి పెట్టిరి. చీరాలలోని పొగాకు కంపెనీలో పని చూపిరి. హాజరు పిలుపు తప్పరాదు. చీటీ లేనిదే పొలిమేర దాటరాదు. అచ్చట చదువుకొని పైకి వచ్చినవారును కలరు. ఆ మాట దాచుట న్యాయము కాదు. కాని ఆ శిక్షణమంతటి యందును వారికి తెలిసిన విద్య యేమని అడిగినవారు అరుదు. శిక్ష యనగా వేదాంగములలో మొదటిది, ఉచ్చారణ నేర్పు శాస్త్రము. తెలుగున అదే మాటకు దండనయని అర్థము. ఈ రెండర్థములును ఏకకాలమున ఒక్క జనమునకే పట్టిన చోటు నేను వేరొకటి చూడలేదు.

1952లో ఆ చట్టము రద్దయినది. తెలంగాణములో ఎరుకలవారిని గిరిజనుల పట్టికలో చేర్చుటకు 1977 రావలసివచ్చెను.

స్వాతంత్ర్యానంతరము పందులమీదనే ప్రభుత్వమునకు దృష్టి కలిగినది. రెండవ పంచవర్ష ప్రణాళిక చివరి దినములలో సూకరాభివృద్ధి పథకము మొదలై, అలీఘడులోను, వంగదేశమున హరింఘటలోను వలెనే మన కృష్ణా జిల్లా గన్నవరమునందును కాలక్రమమున పందుల క్షేత్రమును మాంసపు ఫ్యాక్టరీయు ఏర్పడినవి. ఇంగ్లండునుండి తెల్ల యార్కుషైరు పందులు వచ్చినవి. మన నల్ల పంది చిన్నది, మొరటుది, ఎండకు ఓర్చునది. ఈనిన పిల్లలు తక్కువ. తెల్లపంది ఈతకు ఎనిమిది మొదలు పండ్రెండు పిల్లలను పెట్టును. దేనికైనను చూలు నూటపదునాలుగు దినములే. మూడు నెలలు, మూడు వారములు, మూడు దినములని లెక్క పెట్టుకొందురు. తెల్లదానికి మన ఎండ పడదు. పందికి చెమట పట్టదు గనుక నీడయు నీరును లేనిచో ప్రాణమునకే మోసము. బురదలో పొర్లుట దాని దుర్గుణమని మనము తిట్టుదుము. అది ఒడలు చల్లార్చుకొను ఉపాయము. పిమ్మట తిరుపతి పశువైద్య పండితులు నాటు రక్తము పాతిక పాలు, యార్కుషైరు రక్తము ముప్పాతిక పాలు కలిపి టి-17 అను సంకరజాతిని సిద్ధపరచిరి. ఇది మంచి పని.

పెంపకందార్లకు విద్య గరపు పని మాత్రము వెనుకబడెను. 1979 ఆగస్టు 15న ట్రైసెం అను పథకము వచ్చినది. పదునెనిమిది మొదలు ముప్పదియైదేండ్ల గ్రామ యువకులకు చేతిపని నేర్పి, భత్యమిచ్చి, ఋణమునకు దారి చూపుట దాని ఉద్దేశ్యము. అటువంటి పథకముల గాలి వీచుచున్న దినములలోనే నేను చూచిన సంగతి ఒకటి చెప్పెదను.

నేనప్పుడు క్రొత్తగా ఉపాధ్యాయుడనైతిని. నా తరగతిలో నాలా గట్టు పిల్లవాడొకడుండెను. వరాహావతార ఘట్టము చెప్పుచుండగా తక్కిన పిల్లలు వానివైపు తిరిగి నవ్విరి. నేను వారించలేదు. వినబడనట్లు తరువాతి పద్యమునకు పోయితిని. నలుబదియేండ్లు కావచ్చినను ఆ మధ్యాహ్నము నాకు మరపునకు రాదు. వాడు వారము దినములు బడికి రాకపోగా, వెదకికొనుచు పోతిని. వాని తండ్రి ఒక శిక్షణ శిబిరమునకు పోయివచ్చి గుడిసె ముందు కూర్చుండియుండెను. ఏ కార్యాలయమువారి శిబిరమో చెప్పను. మూడు దినములు ఉపన్యాసములు విని, చివర వ్రేలిముద్ర వేసి, భత్యము తీసికొని వచ్చినాడు. గచ్చు నేల వేసి గోడలు కట్టి పందులను అందే యుంచవలెనని వారు చెప్పిరట. "సారూ, మన్ను లేకుంటే పిల్లలు తెల్లగయి సస్తయి," అని ఆతడు నాతో అనెను. సభలో ఆ మాట అడిగితివాయనగా, అడుగుటకు సందియ్యలేదనెను.

ఇది మూఢవిశ్వాసమని నేను తలచితిని. ఏండ్ల తరువాత ఒక పశువైద్యుడు నాకు దీని కారణము విప్పి చెప్పినాడు. పంది పాలలో ఇనుము మిక్కిలి తక్కువ. పుట్టిన పిల్ల వేగముగా పెరుగును. ఒంటిలోని ఇనుము కొద్ది దినములలోనే చాలకపోవును. నేలను మూతితో త్రవ్వుకొను పిల్లకు మన్నులోనుండి ఇనుము చేరును. గచ్చుమీద పుట్టిన పిల్ల రక్తహీనతచే పాలిపోయి చచ్చును. అందుచేతనే ఈనాటి క్షేత్రములలో మూడవ దినము ఇనుపమందు సూది వేయుదురు. భూదారమను పేరులోని అర్థమును నేను నిఘంటువులో చదివితిని. ఆతడు పందిపిల్ల మొగములో చదివినాడు.

ఐనను పాత పద్ధతియే మేలని నేను వాదింపను. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున మెదడువాపు జ్వరము ప్రబలి ఎందరో పసిబిడ్డలు మరణించిరి. ఆ వ్యాధి క్రిమి కొంగలలో నుండును. వరిమళ్ల నీట పుట్టు దోమ దానిని పందికి చేర్చును. పంది పెద్దగా జబ్బుపడదు గాని దాని రక్తములో క్రిమి విపరీతముగా వృద్ధిపొందును. మరల దోమ మనుష్యుని కుట్టును. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డు రాసు 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికిందరాబాదుననే. ఆయన పేరిట సంస్థ మనకు కూతవేటు దూరమున బేగంపేటలో కలదు. ఇక పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో మూర్ఛలతో వచ్చు రోగుల తలలలో కొన్నిచోట్ల కనబడు నీటితిత్తుల మాట. అవి బద్దెపురుగు పిల్లలు. బహిరంగమున విసర్జించిన మలమును తిన్న పందికి ఆ తిత్తులు పుట్టును; సరిగా ఉడకని మాంసముచే మనుష్యుని ప్రేగులలో పురుగు పెరుగును; దాని గ్రుడ్లు చేతులద్వారా, కూరలద్వారా నోట పడినచో తిత్తులు మెదడున కెక్కును. తప్పు పందిది మాత్రమే కాదు, మరుగుదొడ్డి లేని ఊరిది. ఊరివారు ఆ సంగతి విచారింపక పందులను పట్టి పట్టణము దాటించిరి. నాలా గట్టు కుటుంబములు అట్లే పోయినవి.

ఇప్పుడు క్రొత్త ఆపద వచ్చినది. 2020లో ఆఫ్రికా పందిజ్వరము ఈశాన్య రాష్ట్రములలో అడుగుపెట్టినది. మనుష్యునికి అంటదు; పందులను మందలు మందలుగా మట్టుపెట్టును; చికిత్స లేదు. హోటళ్ల ఎంగిలి అన్నములో పందిమాంసపు ముక్క ఉన్నను వ్యాపించును. కాబట్టి కుడితిని కలియబెట్టుచు అరగంటకు తక్కువ గాకుండ మరగించి చల్లార్చిగాని పెట్టరాదు. ఇది శిబిరమున చెప్పవలసిన మొదటి పాఠము. సాధారణ పందిజ్వరమునకు టీకా కలదు. ఆ గడువులు రెండవ పాఠము. 2015నుండి కేంద్రప్రభుత్వపు కౌశల పథకములో, గురువు లేకయే నేర్చిన పనివానిని పరీక్షించి యోగ్యతాపత్రమిచ్చు పద్ధతి యున్నది. 2021లో సవరించిన పశుసంపద పథకమున పందుల క్షేత్రములకు సగము సొమ్ము సాయముగా నిత్తురు. పరిమితి ముప్పది లక్షలు. నూరు ఆడపందుల మందకు ఉద్దేశించిన సాయము అది. పది పందులవాడు దాని గడప తొక్కలేడు. చెంగిచర్లలో మాంస పరిశోధన కేంద్రము కలదు; దాని తలుపు తట్టుమని చెప్పువారు పది పందులవానికి కావలెను.

ఆనాటి నా శిష్యుడు ఇప్పుడు పట్టణము వెలుపల పందుల దొడ్డి నడపుచున్నాడు. రాత్రి పదిగంటలకు ఆటోలో పీపాలు వేసికొని అమీరుపేట వసతిగృహముల వెనుక తలుపులకు వచ్చును. గణకయంత్ర విద్యార్థులు తినక విడిచిన అన్నము ఆతని పందులకు పోవును. ఆతని కుమారుడు ఇచ్చటనే పైఅంతస్తులో జావా నేర్చుకొనుచున్నాడు. గడచిన మాఘమాసమున ఒక రాత్రి నన్ను చూచి ఆగి, సారూ, పందుల సంగతి తెలుగులో నాలుగు పుటలు వ్రాసి ఇయ్యరాదా, మావాండ్లకు చదివి వినిపింతుననెను. నేను పశువైద్యునడిగి వ్రాసితిని: చూలు లెక్క, సూది దినము, టీకా గడువు, కుడితి మరగించు కాలము, ఖర్చులు వ్రాసికొను విధము. తాను చదివి ఒక్కచోట వ్రేలు పెట్టెను. దొడ్డియంతయు గచ్చు చేయవలెనని నేను వ్రాసితిని. పిల్లలుండు మూల ఒకటి విడిచి, మనుష్య సంచారము లేని చోట త్రవ్విన ఎర్రమన్ను అందు పోయవలెనని ఆతడనెను. సూది వేయువాడు ఎల్లప్పుడు సమయమునకు రాడు గదా యనెను. పశువైద్యునికి ఆ రాత్రియే ఫోను చేసితిని. ఆయన సరియే యనెను. ఆటో దీపపు వెలుతురున ఆ వాక్యమును కొట్టివేసి, ఆతడు చెప్పినట్లు వ్రాసి యిచ్చితిని.