గాలి మీద కూర్చున్న బండి

హైదరాబాదు–బెంగళూరు తిరిగే మనవాళ్ళకి ఎయిర్ సస్పెన్షన్ కొత్తేమీ కాదు. 2001లో వోల్వో బీ7ఆర్ బస్సులు మన దేశంలోకి వచ్చాక, రాత్రి హైదరాబాదులో ఎక్కి కర్నూలు ఎప్పుడు దాటిందో తెలియకుండా నిద్రపోయిన వాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ఆ సుఖమంతా రబ్బరు సంచుల్లో నింపిన గాలిదే. అదే గాలి ఒక పాత ఖరీదైన ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఉందనుకోండి, ఏదో ఒక పొద్దున లేచి చూసేసరికి బండి నేలకి కూలబడి ఉంటుంది. ఎవర్ని అనుమానించాలి? దీనికి జవాబు చరిత్రలోనే ఉందని నా అభిప్రాయం.

సీమలో ఎద్దులబండికి స్ప్రింగులే లేవు. జట్కాకి కమాను పట్టీలు ఉండేవి. 1948 నాటి ల్యాండ్ రోవర్‌కీ అవే. 1994లో వచ్చిన టాటా సుమోకి కూడా వెనక వైపు అవే. పట్టీ విరిగితే కంటికి కనిపిస్తుంది, రోడ్డు పక్క షాపులోనే మార్చేస్తారు.

ఇక గాలి సంగతి. 1957లో అమెరికాలో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ అనే కారుకి నాలుగు చక్రాలకీ గాలి స్ప్రింగులు పెట్టారు. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ వేరే కార్లకీ ఇచ్చింది. కారడం మొదలైంది! చాలామంది ఓనర్లు విసుగెత్తి గాలి సంచులు పీకించి మామూలు ఇనుప స్ప్రింగులు వేయించుకున్నారు. గమనించండి, అప్పటికి కార్లో కంప్యూటర్ అన్నదే లేదు. పోయిందల్లా రబ్బరు, వాల్వులు, జాయింట్లు.

1970లో కాయిల్ స్ప్రింగులతో పుట్టిన రేంజ్ రోవర్‌కి 1992లో ఎలక్ట్రానిక్ ఎయిర్ సస్పెన్షన్ వచ్చింది. ప్రతి చక్రం దగ్గరా ఎత్తు కొలిచే సెన్సర్, ఒక కంప్రెసర్, సుమారు 10 బార్ ఒత్తిడితో గాలి నిలవ చేసే ట్యాంకు, గాలిని పంచే వాల్వ్ బ్లాక్, వీటన్నిటి మీదా పెత్తనం చేసే కంప్యూటరు. 1994లో వచ్చిన రెండో తరం బండిలో, కంప్యూటరుకి లెక్క తేడా వస్తే బండిని పూర్తిగా కిందికి దించేసి, గంటకు 35 మైళ్ళు దాటొద్దని తెరమీద హెచ్చరిస్తుంది. మామూలు ఓబీడీ రీడరు పెడితే ఆ ఎర్రర్ కోడ్ చదవలేదు. చివరికి ఒక అభిమాని సీరియల్ కేబుల్‌తో కోడ్‌లు చదివి చెరిపే సాఫ్ట్‌వేర్ రాసి ఊరికే పంచిపెట్టాడు. మన జాతే!

చెప్పొచ్చేదేమిటంటే, 1957కీ 1992కీ మధ్య కొత్తగా చేరింది కంప్యూటరు. రబ్బరు మాత్రం రబ్బరే. కాబట్టి వెతకడం కూడా చరిత్ర వరసలోనే చెయ్యాలి: ముందు రబ్బరు, పైపు జాయింట్లు, తర్వాత వాల్వ్ బ్లాక్‌లోని ఓ-రింగులు, తర్వాత కంప్రెసర్, తర్వాత సెన్సర్లు, అన్నిటికన్నా చివర కంప్యూటరు. మనవాళ్ళు సరిగ్గా తలకిందులుగా చేస్తారు.

మా చిన్నాన్న ప్రొద్దుటూరులో ఉంటాడు. బెంగళూరు నుంచి పాత బండి ఒకటి కొన్నాడు (ఏ కంపెనీదో వద్దులెండి). అది కూలబడగానే ఫోను. "ఏమిరా, కంప్యూటరు పోయిందంట, మార్చాలంటున్నారు. నువ్వూ కంప్యూటర్లోనే కదా పనిచేసేది, సూడు!" నేను అడిగింది ఒక్కటే: రాత్రి, పొద్దున, నాలుగు చక్రాల దగ్గరా ఇరుసు మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు వరకు టేపుతో కొలిచి చెప్పమని. ఒక మూల దిగితే ఆ మూల సంచిగానీ పైపుగానీ అనుమానించాలి. కొలతలు చూస్తే నాలుగూ సమానంగా దిగాయి!

ఇక్కడే అసలు తమాషా. ఇలాంటి కొన్ని బండ్లలో ఇంజన్ ఆపినా కంప్యూటరు కొన్ని గంటలకోసారి మేలుకుని, అన్నిటికన్నా కిందికి దిగిన మూలకి సమానంగా మిగతా మూడింటినీ దించేస్తుంది. అంటే సిస్టమ్ తన బగ్‌ని తనే కప్పిపెడుతుంది. అందుకని రాత్రికి ఆ కంప్యూటరు ఫ్యూజు తీయించాను. పొద్దునకి వెనక ఎడమ మూల ఒక్కటే దిగింది. పంక్చర్ షాపు అతను వచ్చి సబ్బు నీళ్ళు పోస్తే పైపు జాయింటు దగ్గర బుడగలు. కంప్యూటరు నిక్షేపంగా ఉంది.

ఇంకో మాట. ఈ బండ్ల గురించి దొరికే సలహాలు ఎక్కువగా ఇంగ్లండు వాళ్ళవి. అక్కడ గాలిలో తేమ చేరి, చలికాలం పైపుల్లో గడ్డకడుతుంది. కర్నూలు, కడపల్లో ఆ బాధ లేదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకి రబ్బరు పగులుతుంది, కంప్రెసర్ వేడెక్కుతుంది. అందులో ఒక థర్మల్ స్విచ్ ఉంటుంది, వేడి ఎక్కువైతే ఆపేస్తుంది. పొద్దున పైకి లేచి మధ్యాహ్నం లేవని బండికి రోగం కంప్యూటరుది కాదు, ముందు లీకు చూడండి. లీకు వల్లే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. పది రూపాయల ఓ-రింగు ఇవాళ మార్చకపోతే రేపు కంప్రెసర్ మార్చాలి.

"కంప్యూటరు పోయింది" అనే మాట వినగానే మన ఊళ్ళలో అందరూ చేతులెత్తేస్తారు. గాలి కారడం కనిపెట్టే విద్య మాత్రం మన పంక్చర్ షాపుల్లో ఎప్పటినుంచో ఉంది. కాకపోతే ఖరీదైన బండి కదా అని అతన్ని పిలవరు.

అన్నట్టు, ఇది మాత్రం మరిచిపోకండి. గాలి మీద నిలబడిన బండి ఏ క్షణమైనా దిగిపోవచ్చు. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టకుండా మీరూ దూరొద్దు, పంక్చర్ షాపు కుర్రాణ్ణీ దూరనివ్వొద్దు.