మైకు సెట్టు ఎక్కని పాటలు

ఎనభైల తెలుగు సినిమా పాటల గురించి ఎవరు రాసినా రెండు చోట్ల ఆగుతారు. మొదటిది 1980లో వచ్చిన శంకరాభరణం. మహదేవన్ సంగీతం, వేటూరి సాహిత్యం, బాలసుబ్రహ్మణ్యానికీ వాణీ జయరామ్‌కూ జాతీయ పురస్కారాలు. రెండోది చక్రవర్తి రాజ్యం. ప్రేమాభిషేకం (1981) నుంచి దేవత (1982), ఖైదీ (1983) దాకా ఊరూవాడా ఆయన బాణీలే మోగాయి. ఇళయరాజా వచ్చి రెంటినీ తన వైపు తిప్పుకున్నాడన్నది ఆ తర్వాతి మాట. ఈ కథలో అబద్ధమేమీ లేదు. కానీ ఆ పదేళ్లలో ఏడాదికి వంద దాకా సినిమాలు వచ్చాయి, ఒక్కోదానికి అయిదారు పాటలు. అందులో మనం ఈనాటికీ పాడుకునేవి పిడికెడే. మిగతావన్నీ నాసిరకం కాబట్టే పోయాయా అంటే, కాదని గట్టిగా చెప్పగలను.

ఆ రోజుల్లో పాట జనంలోకి వెళ్లే దారులను చూస్తే సంగతి బోధపడుతుంది. టేపు రికార్డరు ఇంకా అందరిళ్లకూ చేరలేదు. పెళ్లి పందిరి, వినాయక చవితి, శ్రీరామనవమి, సినిమా హాలులో టికెట్లు ఇవ్వబోయే ముందు వేసే పాటలు, అన్నీ మైకు సెట్టు మీదే. కొబ్బరి చెట్టుకో హాలు కప్పు మీదో కట్టిన ఆ గొట్టం మైకుకు ఒక స్వభావం ఉంది. ఖంగుమనే గొంతును, డప్పునూ డోలక్‌నూ అది రెండు ఊళ్ల అవతలికి మోసుకుపోతుంది. మంద్రంలో పలికే తీగె, ఊపిరి కలిసిన వేణువు, గాయని సగం గొంతుతో అన్న మాట దాని చేతిలో పూర్తిగా చచ్చిపోతాయి. మైకు సెట్టాయన కూడా జనం ఈలలు వేసేవే మళ్లీ మళ్లీ వేశాడు. ఎనభైల మొదటి సగంలో పాట జాతకం రాసింది చాలావరకు ఆయనే.

రికార్డులది ఇంకో ఇబ్బంది. ఏడంగుళాల ఈపీ రికార్డు మీద పక్కకు రెండు చొప్పున నాలుగు పాటలు పట్టేవి. సినిమాలో ఆరు పాటలుంటే రెండో ఈపీ వెయ్యాలి, లేదా ఎల్పీ వెయ్యాలి. చిన్న నిర్మాతకు, కొత్త నటీనటుల సినిమాకు అంత ఖర్చు ఎవరు పెడతారు? కొన్ని పాటలు సినిమాలో ఉండి రికార్డు మీదికి ఎక్కలేదు. కొన్ని రికార్డు కోసం చరణం మధ్య సంగీతాన్ని కత్తిరించుకున్నాయి. రికార్డు లేకపోతే రేడియోలో లేదు. జనరంజనిలో లేని పాట, సిలోన్ తెలుగు ప్రసారాల్లో మీనాక్షి పొన్నుదురై గొంతు పరిచయం చెయ్యని పాట, సినిమా హాలు నుంచి తీసేసిన రోజే పోయినట్టు.

ఇదంతా మనసులో పెట్టుకుని రమేష్ నాయుడి పాటలు వినాలి. 1933లో కొండపల్లిలో పుట్టిన పసుపులేటి రమేష్ నాయుడు చిన్న వయసులోనే బొంబాయి చేరి అక్కడే పని నేర్చుకున్నారు. 1959లో మనోరమ సినిమాకు తలత్ మహమూద్ చేత తెలుగులో పాడించింది ఆయనే. తర్వాత కొన్నేళ్లు కలకత్తాలో గడిపి డెబ్బైలలో తిరిగి వచ్చారు. తాత మనవడు (1973), దేవదాసు (1974), శివరంజని (1978) ఆయనకు మళ్లీ పేరు తెచ్చాయి. బాణీ ముందు కట్టి అందులో మాటలు పోయించడం పరిశ్రమలో అలవాటుగా స్థిరపడుతున్న కాలమది. ఆయన మాత్రం రాసిచ్చిన పాటకు బాణీ కట్టడానికే ఇష్టపడేవారు. అందుకే ఆయన పాటలో మాట విరగదు. దీర్ఘం ఉన్న చోటే స్వరం సాగుతుంది, వాక్యం ఆగిన చోటే తాళం ఊపిరి పీల్చుకుంటుంది.

1982లో మేఘసందేశం వచ్చింది. అప్పటికి రెండేళ్ల క్రితమే కన్నుమూసిన కృష్ణశాస్త్రి పాటలు, జయదేవుడి అష్టపదులు, వేటూరి రచనలు, పాలగుమ్మి పద్మరాజు సాహిత్యం, అన్నీ ఒకే సినిమాలో. రమేష్ నాయుడికి, ఏసుదాసుకు, సుశీలకు మూడు జాతీయ పురస్కారాలు. ఆ వెలుగు అంత పెద్దది కావడం వల్లనే కాబోలు, దాని చుట్టూ ఆయన చేసిన చిన్న సినిమాల మీద చీకటి పడింది. జంధ్యాల దర్శకుడిగా మొదలైన ముద్దమందారం (1981), తర్వాత మల్లెపందిరి (1982), నెలవంక, రెండుజెళ్ళ సీత, ఆనందభైరవి (మూడూ 1983). వీటిలో ఒకటో రెండో పాటలు జనం నోళ్లలో మిగిలాయి, మిగతావి పోయాయి.

ముఖ్యంగా నెలవంక. రెండు మతాల మధ్య స్నేహం గురించిన కథ. పెద్ద హీరో లేడు, చిందులు వేసే సన్నివేశం లేదు. పాటల రచనలో ఇంద్రగంటి శ్రీకాంతశర్మ పాలు ఉంది. ఆయన విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన కవి. రేడియో లలితగీతానికి ఒక పద్ధతి ఉంటుంది. చెప్పాల్సింది ఒక్కటే భావం. దాన్ని పల్లవిలో విప్పి, చరణాల్లో లోతుకు దించి, మళ్లీ పల్లవి దగ్గరికి వచ్చేసరికి అవే మాటలు వేరేగా వినిపించాలి. ఆ పద్ధతిని శ్రీకాంతశర్మ సినిమాకు తెచ్చారు, రమేష్ నాయుడు దాన్ని పాడుచెయ్యకుండా స్వరంలో పెట్టారు. రెండుజెళ్ళ సీతలోనూ అంతే. గదిలో కూర్చుని వినాల్సిన పాటలివి. అప్పటికి గదిలో వినే సాధనం చాలామందికి లేదు. తెలుగు సినిమా పాట పోగొట్టుకున్నవాటిలో ఈ ఇద్దరూ కలిసి చేసిన పాటలే అన్నిటికన్నా విలువైనవని నా నమ్మకం.

రేడియో మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. అదే కాలంలో ఆకాశవాణి కేంద్రాల్లో పాలగుమ్మి విశ్వనాథం, చిత్తరంజన్ వంటివారు కట్టిన లలితగీతాలకు రికార్డుల దుకాణమే లేదు. టేపు మీద పాడించేవారు, కొన్నాళ్లు ప్రసారం చేసేవారు, టేపుల కొరత వల్ల చాలావాటిని చెరిపేసి మళ్లీ వాడేవారు. సినిమాలో మరుగునపడ్డ చాలా పాటలకు కనీసం ఈపీ ఒకటి ఎక్కడో మిగిలి ఉంటుంది. వీటికి అదీ లేదు.

సినిమా ఆడకపోతే పాట కూడా పోతుందని చాలామంది అంటారు. అది సగమే నిజం. 1988లో రుద్రవీణ నిర్మాతలకు నష్టం తెచ్చింది. అయినా ఇళయరాజాకు జాతీయ పురస్కారం వచ్చింది, సిరివెన్నెల రాసిన పాటలు ఇంటింటా నిలిచాయి. ఎందుకంటే అప్పటికి క్యాసెట్ వచ్చేసింది. ఎనభైల నడిమికి పట్నాల్లో, ఎనభైల చివరికి పల్లెల్లో కూడా టేపు రికార్డరు చేరింది. ఒక పక్క ఒక సినిమా, రెండో పక్క ఇంకో సినిమా ఉన్న క్యాసెట్లు అమ్మేవారు. ఖాళీ క్యాసెట్ ఇచ్చి చీటీ రాసిస్తే కోరిన పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణాలు ప్రతి బజారులో వెలిశాయి. వంశీ తీసిన ఆలాపన (1986), గీతాకృష్ణ తీసిన సంకీర్తన (1987) పాటలు హాలులో కాదు, ఆ దుకాణాల్లోనే అభిమానులను సంపాదించుకున్నాయి. ఇళయరాజా వాద్యగోష్ఠిలోని చిన్న చిన్న మలుపులు వినపడాలంటే గది కావాలి. ఆయన అదృష్టం, గది సమయానికి దొరికింది. రమేష్ నాయుడికి దొరకలేదు. 1987లో స్వయంకృషి వచ్చిన ఏడాదే ఆయన వెళ్లిపోయారు. క్యాసెట్ కంపెనీలు పాతవాటిని మళ్లీ తెచ్చినప్పుడు ఎంచుకున్నది అప్పటికే మైకు సెట్టు ఎంచినవే. మేఘసందేశం మళ్లీ మళ్లీ అచ్చయింది, నెలవంక అరుదైపోయింది.

ఇలా పక్కకు పోయినవారిలో బాలసుబ్రహ్మణ్యం కూడా ఉన్నారంటే వింతగా ఉంటుంది. గాయకుడిగా కాదు, సంగీత దర్శకుడిగా. సీతమ్మ పెళ్ళి (1984), జాకీ (1985), మయూరి (1985), పడమటి సంధ్యారాగం (1987), కళ్ళు (1988), ఇవన్నీ ఆయన స్వరపరచినవే. పడమటి సంధ్యారాగం పాటలు అమెరికా కథ పుణ్యమా అని కొంత నిలిచాయి. బాపు సినిమా జాకీకి ఆయన కట్టిన బాణీల్లో ఉన్న తీరికను మాత్రం తలుచుకునేవారు తక్కువ. గొల్లపూడి నాటకం ఆధారంగా ఎం.వి. రఘు తీసిన కళ్ళులో సిరివెన్నెల సీతారామశాస్త్రి తన పాటను తానే పాడారు. ఆ పాట మిగిలింది, సినిమాలోని మిగతా సంగీతం మరపున పడింది. గొంతు అంత పెద్దదైన మనిషి చేతిపని కనిపించకుండా పోయింది.

మరోచరిత్ర తర్వాత బాలచందర్ తెలుగులో చేసిన సినిమాల్లో ఆకలి రాజ్యం (1981) పాటలు నిరుద్యోగి గొంతుగా యువకుల్లోకి వెళ్లాయి. అదే సంగీత దర్శకుడు విశ్వనాథన్, అదే కవి ఆత్రేయ 1983లో కోకిలమ్మకు చేసిన పాటలకు ఆ ఊపు రాలేదు. పాట చుట్టూ అల్లిన కథ అది, సరిత నటించింది. సాహిత్యంలో ఆత్రేయ ఎక్కడా తగ్గలేదు. పెద్దవాళ్ల సంగతీ ఇంతే. మల్లీశ్వరి చేసిన సాలూరి రాజేశ్వరరావు 1986లో తాండ్ర పాపారాయుడుకు సంగీతం ఇస్తే, అందులో ఒక యుగళగీతాన్ని మెచ్చుకుని మిగతా వాటిని వదిలేశారు. ఎలక్ట్రానిక్ తాళం అలవాటవుతున్న చెవులకు ఆయన పద్ధతి పాతదనిపించింది.

1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలైనప్పుడు మరుగునపడ్డవి బయటికి వస్తాయని ఆశ కలిగింది. కొన్ని వచ్చాయి కూడా. కానీ పోటీలో గెలవాలనుకునే పిల్లలు పేరున్న పాటనే ఎంచుకోవడం సహజం. అసలు పని చేసింది మామూలు శ్రోతలు. ఇంట్లో మూల పడ్డ ఈపీలను, నలిగిన క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించి ఇంటర్నెట్‌లో పెట్టినవాళ్లు. వాళ్లలో విదేశాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది. గీతల చప్పుడుతోనే అయినా ఈ రోజు నెలవంక పాట వినగలుగుతున్నామంటే వాళ్ల చలవే.

అయితే అలా పెట్టినవాటి కింద హీరో పేరుంటుంది, గాయకుల పేర్లుంటాయి, రచయిత పేరు తరచు ఉండదు, ఉన్నా వేటూరి పేరో ఆత్రేయ పేరో అలవాటుగా వేసేస్తారు. దీన్ని సరిదిద్దే ఆధారం ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. సినిమా హాలు బయట పావలాకో అర్ధరూపాయికో అమ్మిన పాటల పుస్తకం. కథ సగం చెప్పి మిగతాది వెండితెరపై చూడమని ముగించే ఆ పల్చని పుస్తకంలో ప్రతి పాటకూ రచన ఎవరిదో, గానం ఎవరిదో అచ్చువేసేవారు. రికార్డుకు ఎక్కని పాట మాటలు కూడా అందులో ఉంటాయి. శ్రీకాంతశర్మ 2019లో పోయారు. ఎనభైల చిన్న సినిమాలకు ఆయన ఏ ఏ పాటలు రాశారో పూర్తిగా తేల్చాలంటే ముందు వెతకాల్సింది ఆ పుస్తకాలనే.