మతం లేదన్న తీర్పు

1795 మొదటి నెలల్లో సిడ్నీ రేవు ఒడ్డున ఫార్మ్ కోవ్ అనే చోట, ఇప్పుడు బొటానిక్ గార్డెన్ ఉన్న దగ్గర, ఎదుగుతున్న ఆదివాసి మగపిల్లలకు ముందుపన్ను ఊడగొట్టే తంతు రోజుల తరబడి జరిగింది. నేల చదును చేసి బరి సిద్ధం చేశారు. పెద్దవాళ్ళు చేతులూ కాళ్ళూ నేలకానించి కుక్కల్లా నడిచారు. నడుం పట్టీలో వెనక దోపుకున్న చెక్క కత్తి తోకలా పైకి లేచింది. వరసగా కూర్చోబెట్టిన పిల్లల ముందు నుంచి పోతూ కాళ్ళతో వాళ్ళ మీదికి ఇసుకా దుమ్మూ చిమ్మారు. ఇంకో ఘట్టంలో పొడుగాటి గడ్డి తోకలు కట్టుకుని కంగారూల్లా గెంతారు. ఇదంతా దగ్గరుండి చూసి, ఏ ఘట్టంతో పిల్లలకు ఏ జంతువు మీద అధికారం వస్తుందో రాసిపెట్టినవాడు అక్కడి ఇంగ్లీషు వలస రాజ్యపు న్యాయాధికారి డేవిడ్ కాలిన్స్. 1798లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ తంతు బొమ్మలతో సహా ఉంది. మతం జాడ లేని దేశం ఇంతవరకూ కనబడలేదని ఒక పేరున్న మతాచార్యుడు అన్నాడు గానీ ఈ జనం మాత్రం ఆ మాటకు మినహాయింపని తేల్చిందీ అదే పుస్తకం.

కాలిన్స్ కళ్ళు లేనివాడు కాడు, అబద్ధాలకోరూ కాడు. చూసింది చూసినట్టు రాశాడు, కానీ దాన్ని మతమని పిలవలేదు. ఆస్ట్రేలియాలో ఆదివాసుల ఆధ్యాత్మిక జీవితానికీ వలస సమాజపు క్రైస్తవానికీ మధ్య జరిగిన కథలో చాలాభాగం ఈ పిలవకపోవడంలోనే ఉంది. దాన్ని రెండు విశ్వాసాల పోరుగా చెప్పడం పాఠ్యపుస్తకాలకు అలవాటు. నాకు అది సరిపోయినట్టు లేదు. మతం ఉందా లేదా అన్న ప్రశ్న అక్కడ మొదటి నుంచీ కోర్టు గుమ్మంలో, పొలం గట్టు మీద తేలాల్సిన ప్రశ్న. ఉందన్నా లేదన్నా, ఆ జవాబు వల్ల ఎవరికి ఏం దక్కిందో చూస్తే తప్ప ఆ చరిత్ర అర్థం కాదు.

కాలిన్స్ లేదనడం వట్టి తెలియనితనం కాదా అని ఎవరైనా అడగవచ్చు. అప్పటికి ఇంగ్లీషువాళ్ళు వచ్చి ఏడేళ్ళు, భాష అంతంత మాత్రం. పైగా ఆదివాసుల పవిత్ర విషయాల్లో చాలావాటిని తంతు పూర్తికాని సొంత పిల్లలకే చెప్పరు, పరాయివాళ్ళకు చెబుతారా? నిజమే. అయితే తెలియలేదు అనడం వేరు, లేదు అనడం వేరు. ఆ రెండో మాట అనడానికి ముందే ఒక కొలబద్ద చేతిలో ఉండాలి: గుడి, గ్రంథం, పూజారి, ప్రార్థన, లోకాన్ని సృష్టించిన ఒక్క దేవుడు. ఇవేవీ కనబడలేదు కాబట్టి ఖాళీ. మన మాటనే తీసుకోండి. మతం అంటే మొదట అభిప్రాయం. సమ్మతం, అభిమతం, ఏకమతంలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. అది ఇప్పటి అర్థంలో స్థిరపడి, జనాభా లెక్కల కాగితంలో ఒక గడి అయింది. ఆ గడిలో ఏం రాయాలో తెలియని జనానికి ఏమీ లేదనుకోవడం అన్నిచోట్లా జరిగిందే.

ఆదివాసులకు ఉన్నదేమిటో తెలుగులో చెప్పడానికి స్థలపురాణం అన్న మాట కొంత సాయపడుతుంది. ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం ఉన్న చోటు అరండ జనానికి ఎంబార్న్‌ట్వా. చుట్టూ ఉన్న కొండవరసలు అక్కడ తిరిగిన గొంగళిపురుగు పూర్వీకులు చేసినవి, వాళ్ళ దేహాలే. కొండకు కథ ఉండడం మనకు వింత కాదు. కానీ మన స్థలపురాణంలో దేవుడు ఎక్కడి నుంచో వచ్చి ఆ చోట వెలుస్తాడు, ఆ దేవుణ్ణే ఇంకో ఊళ్ళోనూ కొలుచుకోవచ్చు. అక్కడ ఆ పూర్వీకుడు ఆ నేల నుంచి విడిగా లేడు. ఆ చోటి పాట, ఆటా, నీటిగుంటను కాచే బాధ్యత ఫలానా వంశానివి, పక్కవాళ్ళవి కావు. ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తే చాలామంది ఆదివాసులు దీన్ని ‘లా’ అంటారు. ధర్మం అన్నా దగ్గర్లో ఉంటుందేమో గానీ మతం మాత్రం దూరం. ఎత్తుకుపోవడానికి వీల్లేని ఈ విశ్వాసం మీద, పెట్టెలో పెట్టుకుని ఓడలో తెచ్చుకోగల విశ్వాసం వచ్చి పడింది.

కోర్టులో దీని సంగతి చూద్దాం. ఇంగ్లీషు న్యాయం ప్రకారం సాక్షి ప్రమాణం చేయాలి. ప్రమాణానికి విలువ రావాలంటే, అబద్ధమాడితే దండించే దైవం ఉందన్న నమ్మకం ఉండాలి. క్రైస్తవుడు కానక్కర్లేదు. 1744లో ఓమిచంద్ కేసులో, కలకత్తాలో బ్రాహ్మణుడి పాదం తాకి ప్రమాణం చేసిన హిందువుల వాంగ్మూలాన్ని ఇంగ్లండ్ ఛాన్సలర్ చెల్లుతుందన్నాడు. అంటే న్యూ సౌత్ వేల్స్‌లో వలస మొదలయ్యేనాటికే పరమత ప్రమాణానికి దారి తెరిచి ఉంది. మతమే లేదని తేల్చిన జనానికి ఆ దారి మూసుకుపోయింది. 1838 జూన్‌లో మయాల్ క్రీక్ దగ్గర పశువుల కాపర్లు సుమారు 28 మంది ఆదివాసులను, ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళే, నరికి చంపారు. ఏడుగురికి ఉరి పడింది, తెల్లవాళ్ళ సాక్ష్యం దొరికింది కాబట్టి. సంగతి తెలిసిన డేవీ అనే ఆదివాసి యువకుడి సాక్ష్యం చెల్లదన్నారు, మిగిలిన నలుగురు ముద్దాయిలు విడుదలయ్యారు. ప్రమాణం లేకుండా ఆదివాసి సాక్ష్యం తీసుకునే చట్టం ఆ వలస రాజ్యంలో స్థిరంగా వచ్చింది 1876లో. కాలిన్స్ రాసిన వాక్యం ఈ కేసుకు కారణమని నేననను. ఆ వాక్యంలోని ఊహే న్యాయస్థానంలో సరిహద్దు రాయిలా నిలబడిందని మాత్రం అంటాను.

ఈ ఊహను పాడుచేసిన పనిముట్టు వింతగా మిషనరీల చేతిలోనే ఉంది. బైబిల్‌ను ఒక భాషలోకి తేవాలంటే ఆ భాషలో ఏముందో వెతకాలి. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన లాన్సలాట్ థ్రెల్కెల్డ్ 1825లో సిడ్నీకి ఉత్తరాన మక్వారీ సరస్సు దగ్గర మకాం పెట్టాడు. ఆయనకు భాష నేర్పినవాడు బిరబాన్. చిన్నప్పుడు సిడ్నీ సైనిక బారకాసుల్లో పెరిగి ఇంగ్లీషు పట్టుబడినవాడు. ఇద్దరూ కూర్చుని లూకా సువార్త మొత్తం ఆ భాషలోకి తెచ్చారు. తెలుగు బైబిల్ అనువాదకులకు దేవుడన్న మాట చేతికి అందేంత దూరంలో ఉంది. థ్రెల్కెల్డ్‌కు అలాంటిది దొరకలేదు. కోయిన్ అనే ఆత్మ గురించి బిరబాన్ వాళ్ళు చెప్పింది రాసుకున్నాడు గానీ, సువార్తలో హీబ్రూ పేరునే తెచ్చి పెట్టుకున్నాడు. 1830లో గవర్నర్ డార్లింగ్ బిరబాన్‌కు ఇత్తడి బిళ్ళ ఇచ్చాడు. తన భాషను రాతలోకి తేవడంలో చేసిన సాయానికి బహుమానమని దాని మీద చెక్కించాడు. అదే బిరబాన్ సుప్రీంకోర్టులో థ్రెల్కెల్డ్ పక్కన నిలబడి దుబాసీ పని చేస్తే, ప్రమాణం చేయించడానికి చట్టం ఒప్పుకోలేదు. సువార్త తర్జుమాకు పనికొచ్చిన నోరు సాక్ష్యానికి పనికిరాలేదు. 1841లో మిషన్ మూతపడే నాటికి మతం మారినవాళ్ళంటూ లేరు. ఆ అనువాదం పూర్తిగా అచ్చయింది 1890ల మొదట్లో. అప్పటికి దాన్ని చదువుకునే జనమే దాదాపు మిగల్లేదు.

మధ్య ఆస్ట్రేలియాలో ఈ కథ ఇంకా చిక్కుపడింది. జర్మనీలో హెర్మన్స్‌బర్గ్ అనే పల్లె నుంచి బయల్దేరిన లూథరన్ మిషన్ మనకూ తెలిసినదే. నాయుడుపేట, సూళ్ళూరుపేట ప్రాంతంలో 1865లో ఆగస్ట్ మిలియస్ మొదలుపెట్టిన పని దానిదే, నేటి సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి దాని వారసురాలే. ఆ మిషన్ 1877లో ఎడారి మధ్య అరండల నేలకు చేరి అక్కడి ఊరికీ తన పల్లె పేరే పెట్టింది. దేవుడికి అరండ మాట వెతికిన అక్కడి మిషనరీలకు అల్‌జీర అన్నది దొరికింది. 1894లో వచ్చిన కార్ల్ స్ట్రెలో దాన్ని స్థిరపరిచాడు. ఆకాశంలో ఈము పక్షి పాదాలతో ఉండే ఒక మహాపురుషుడి పేరుగానూ దాన్ని రాసుకున్నాడు. అదే కాలంలో బాల్డ్విన్ స్పెన్సర్ అనే జీవశాస్త్ర ఆచార్యుడు అదే మాటలో కల అన్న అర్థం పట్టుకుని, ఇప్పుడు ప్రపంచమంతా వాడే ‘డ్రీమ్‌టైమ్’కు నాంది పలికినవాళ్ళలో ఒకడయ్యాడు. ఒకరికి దేవుడు, ఒకరికి కల. రెండూ కావు, అనాదిగా ఉన్నది, ఎవరూ చేయనిది అని స్ట్రెలో కొడుకు తర్వాత వివరించాడు. స్పెన్సర్ ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర నెలల తరబడి సాగిన తంతును కళ్ళారా చూశాడు గానీ భాష రాదు. స్ట్రెలోకు భాష కొట్టినపిండి. వందల కథలూ పాటలూ ముసలివాళ్ళు చెప్పగా రాసుకున్నాడు. పాస్టర్‌ననే పట్టింపుతో ఒక్క తంతుకూ వెళ్ళలేదు. ఆదివాసులది మతానికి ముందరి మెట్టు, మంత్రతంత్రం అని కేంబ్రిడ్జ్‌లో కూర్చుని మానవశాస్త్రజ్ఞుడు ఫ్రేజర్ సిద్ధాంతం కట్టాడు. స్పెన్సర్ ఆయన పక్షం, స్ట్రెలో సమాచారం బాప్తిస్మం పొందినవాళ్ళ నోట వచ్చిందని తీసిపారేశాడు. మతం లేదన్న పాత తీర్పును శాస్త్రం పేరుతో నిలబెట్టినవాడు శాస్త్రవేత్త. దాన్ని పడగొట్టే సామగ్రి పోగుచేసినవాడు, ఆ మతం పోవాలనుకున్న పాస్టర్.

అయితే మిషనరీలను మెచ్చుకోవాలా? హెర్మన్స్‌బర్గ్ వాళ్ళు పోలీసుల హత్యల మీద ఫిర్యాదు చేశారు. ఆ ప్రాంతపు పోలీసు అధికారి విల్‌షైర్ 1891లో హత్యానేరం కింద విచారణకు నిలబడ్డాడు, జ్యూరీ వదిలేసింది. మిషన్ కంచె లేకపోతే ఇంకెందరు చచ్చేవారో. అదే కంచె లోపల పిండి రేషన్‌కు ప్రార్థనలో హాజరు ముడిపడింది, పాత తంతులకు చోటు లేదు. దేశంలో చాలా మిషన్లు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి తీసి డార్మిటరీల్లో పెట్టాయి. ఆ ద్రోహాన్ని ఏ నిఘంటువూ కడగలేదు. ఇక క్రైస్తవులైన ఆదివాసులు మోసపోయినవాళ్ళని తేల్చేయడం, వాళ్ళకు ఆలోచన లేదన్న పాత మాటనే మళ్ళీ అనడం. హెర్మన్స్‌బర్గ్‌లో చూపు పోయిన మోజెస్ జల్‌కబోట ఎడారి అంతా తిరిగి అరండలో బోధించాడు. పడమటి మాట ఎడారి లోపలికి వెళ్ళిందంటే ఆయన కాళ్ళ మీదే. మలోగా మిషన్‌లో బైబిల్ చదివిన యోర్టా యోర్టా మనిషి విలియం కూపర్, పార్లమెంటులో తమకు ప్రాతినిధ్యం కావాలని 1,814 సంతకాలు పోగుచేసి రాజుగారికి అర్జీ పెట్టాడు. ప్రభుత్వం దాన్ని ముందుకు పంపలేదు.

రెండు విశ్వాసాలనూ ఎదురెదురుగా కాక పక్కపక్కన నిలబెట్టడం ఎలాగో 1960లలో ఉత్తర తీరాన యిర్కాలాలో కనబడింది. మెథడిస్టులు కొత్త చర్చి కడుతుంటే అక్కడి యోల్ఞు ఆదివాసుల పెద్దలు సుమారు 12 అడుగుల పలకలు రెండు తయారుచేశారు. తమ సమాజంలోని రెండు సగాలు, దువా, యిర్రిజా, చెరొకటి చిత్రించాయి. ఏ పూర్వీకుడు ఏ నేల ఎలా చేశాడో వంశాలవారీగా గీసి, శిలువకు చెరో పక్కన నిలబెట్టారు. ఆ నెలల్లోనే బాక్సైట్ గని కోసం ప్రభుత్వం వాళ్ళ నేలలో కొంత తీసుకుంది. 1963 ఆగస్టులో చెట్టుబెరడు మీద, చుట్టూ అవే రకం చిత్రాలతో, రెండు భాషల్లో అర్జీ పార్లమెంటుకు వెళ్ళింది. పని కాకపోతే కోర్టుకెక్కారు. 1971లో న్యాయమూర్తి బ్లాక్‌బర్న్ తీర్పు చదివితే కాలిన్స్ కాలం నుంచి ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది, ఎంత రాలేదో కూడా. వీళ్ళకు చట్టముంది, నేలతో గాఢమైన ఆధ్యాత్మిక బంధముంది అని ఆయన ఒప్పుకున్నాడు. కానీ అది మతబంధం, ఆస్తిహక్కు కాదన్నాడు. నేల వంశానిది కాదు, వంశమే నేలది అన్నట్టుందని ఆయన తర్కం. మతం లేదన్న రోజుల్లో సాక్ష్యం పోయింది. ఉందని ఒప్పుకున్న రోజున నేల పోయింది.

గుర్తింపే వృథా అంటారా, అదీ కాదు. 1976లో పార్లమెంటు చేసిన నార్తర్న్ టెరిటరీ భూహక్కుల చట్టం, ఫలానా పవిత్రస్థలంతో ఉమ్మడి ఆధ్యాత్మిక అనుబంధమూ దాని పట్ల ప్రధాన బాధ్యతా ఉన్న వంశాన్నే సంప్రదాయ యజమానిగా నిర్వచించింది. బ్లాక్‌బర్న్ ఆస్తి కాదన్నదాన్నే పట్టాకు ఆధారం చేసింది. దాని కింద నేల అడగాలంటే, బయటివాళ్ళకు చెప్పకూడదన్న సంగతుల్ని కమిషనర్ ముందు కొంతైనా విప్పి చూపాల్సి వచ్చేది (కొత్తగా అడిగే గడువు 1997లో ముగిసింది). తన మతం తనకుందని మళ్ళీ పరాయివాడి ముందు రుజువు చేసుకోవాల్సిన పని ఆదివాసిదే అయింది. యిర్కాలా పలకల్ని 1974లో చర్చి వాళ్ళు తీసి పారేశారు. 1978లో ఊళ్ళోని బుకు-లార్ంగయ్ కళాకేంద్రం వాటిని దక్కించుకుంది. ఇప్పుడు అక్కడే ఒక గదిలో ఉన్నాయి, శిలువ పక్కన కాదు.