గ్రామీణ ఉద్యాన కృషి అనుభవ కార్యక్రమం: నూజివీడు మామిడి సీమ

ఉద్యాన డిగ్రీ నాలుగో ఏడాదిలో విద్యార్థులు ఊళ్లలో రైతుల వెంట తిరుగుతూ పని నేర్చుకునే కోర్సు గ్రామీణ ఉద్యాన కృషి అనుభవ కార్యక్రమం. వ్యవసాయ కళాశాలల్లో దీని జోడీని ‘రావెప్’ అంటారు. ఈ కోర్సుకూ మార్కులుంటాయి, పాస్ కాకపోతే డిగ్రీ రాదు.

పూర్వరంగం

చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్న గాంధీజీ ‘నయీ తాలీమ్’ ప్రతిపాదన 1937లో వార్ధా సభ ముందుకు వచ్చింది. అది పిల్లల బడుల కోసం. తెలుగునాట వ్యవసాయ డిగ్రీ చదువుకు 1945లో బాపట్ల కళాశాల తెరుచుకుంది. 1964లో హైదరాబాదు కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద నడిచే అమెరికా నమూనాను అది తీసుకుంది. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పాటు అందించింది.

అయినా పట్టా చేతికొచ్చేసరికి పొలంతో పరిచయం అంతంతమాత్రంగానే ఉండేది. ఈ లోటు తీర్చడానికి విద్యార్థులను ఊళ్లకు పంపాలని 1992లో రంధవా కమిటీ సిఫారసు చేసింది. 2015 జూలై 25న పట్నాలో ప్రధాని ‘స్టూడెంట్ రెడీ’ పథకాన్ని ప్రారంభించాక గ్రామవాసం, పరిశ్రమల్లో శిక్షణ, ప్రాజెక్టులు అన్నీ దాని కిందికి చేరాయి. విద్యార్థికి ఆరు నెలలపాటు నెలకు 3,000 రూపాయల భృతి అందులో భాగం.

నూజివీడులో

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం మండలాల మామిడి ఒకప్పుడు మొత్తం కృష్ణా జిల్లా పంట. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో అది ఏలూరు, ఎన్టీఆర్ జిల్లాల మధ్య చీలింది. చిన్నరసం, పెద్దరసం ఇక్కడి పేరున్న రకాలు. బంగినపల్లి, కలెక్టర్ కాయల లారీలు దూర రాష్ట్రాలకు వెళ్తాయి. పట్టణంలోని మామిడి పరిశోధన స్థానం, 2007లో వెంకటరామన్నగూడెంలో మొదలైన ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలో ఉంది.

2008లో ఇదే ఊళ్లో మొదలైన ట్రిపుల్ ఐటీ కూడా, పదో తరగతి పాసైన పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, చేస్తూ నేర్చుకోమంది.

చేతికి అబ్బే పని

ఊళ్లో దిగగానే విద్యార్థుల మొదటి పని ఊరి పటం. పంచాయతీ ఆఫీసు ముందు ముగ్గుపిండి, రంగులతో వీధులు, చెరువు, బోర్లు, తోటలు గీస్తారు. చుట్టూ చేరిన పెద్దలు ‘ఆ బోరు ఎండిపోయింది, చెరిపెయ్’ అంటూ సరిచేస్తారు.

వానాకాలం అంట్లు కట్టే అదను. పెన్సిలంత లావున్న వేరుమొక్క కాండంపై నాలుగైదు సెంటీమీటర్ల ఏటవాలు చెక్కు తీయాలి. తల్లిచెట్టు కొమ్మకు వారం పది రోజుల ముందే ఆకులు తుంచి, కాడలు మాత్రం వదలాలి. అప్పుడు మొగ్గ ఉబ్బి సిద్ధంగా ఉంటుంది. ఆ కొమ్మనూ అలాగే చెక్కి, రెండు చెక్కులూ బెరడుకు బెరడు కలిసేలా ఆనించి, పాలిథిన్ పట్టీ బిగించి చుట్టాలి. పట్టీ వదులైతే నీరు దిగి అంటు కుళ్లుతుంది. ఈ బిగువు ఎంతో నర్సరీ కూలీ వేళ్లు చెబుతాయి, పుస్తకం చెప్పలేదు.

క్యాలెండర్ చిక్కు

కోర్సు సాధారణంగా ఖరీఫ్‌లో నడుస్తుంది. అప్పటికి కోతలు ముగిసి, తోటల్లో ఎండుపుల్లలు తీయడం, ఎరువులు వేయడం సాగుతుంటాయి. డిసెంబరు, జనవరి పూత మీద తేనెమంచు పురుగు దాడినీ, సొన అంటకుండా తొడిమతో కాయ కోసే ఎండాకాలపు హడావిడినీ ఆ సెమిస్టరు అందుకోలేదు. తర్వాతి సెమిస్టరుకు ఉద్దేశించిన అనుభవ అభ్యాస యూనిట్లు ఈ ఖాళీని కొంత పూడుస్తాయి. నర్సరీ, పండ్ల ప్రాసెసింగ్ వంటివి విద్యార్థులే వ్యాపారంలా నడిపి, సరుకు అమ్మి, లాభంలో వాటా తీసుకుంటారు.